మెహేబాలో మిగిలిన సాక్షి

జాంబియాలోని మా మెహేబా శరణార్థుల శిబిరం ఆఫీసు గోడ మీద మేం ఎంతమందిమో ఏటేటా రాస్తారు. అంగోలాలో యుద్ధం ఆగాక లారీల కొద్దీ మావాళ్ళు వెనక్కి వెళ్ళిపోయారు, అంకె పడిపోయింది. తర్వాత కాంగో వాళ్ళు వచ్చారు, మళ్ళీ లేచింది. వెళ్ళకుండా మిగిలిపోయిన నాలాంటి అంగోలా ముసలివాళ్ళకు జాంబియా ప్రభుత్వం ఇక్కడే ఉండిపోయే హక్కు, కాస్త సాగునేల ఇస్తానంది. కాకపోతే పంతొమ్మిది వందల ఎనభై ఆరు లోపే వచ్చినట్టు రుజువు చూపించాలి.

ముసోలక్క దగ్గర రుజువు లేదు. గుడిసె అంటుకున్నప్పుడు కాగితాలన్నీ కాలిపోయాయి. ఎనభైల్లో మా పద్దెనిమిదో రోడ్డున పుట్టిన ప్రతి బిడ్డనూ చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని ఆవిడ! అలాంటి మనిషిని పట్టుకుని నువ్వెప్పుడొచ్చావని అడిగితే నాకు ఒళ్ళు మండదా మరి?

"మనుషుల మాట చెల్లదమ్మా, తేదీ ఉన్న కాగితం కావాలి. శుక్రవారంతో జాబితా మూసేస్తాం," అన్నాడు ఆఫీసరు కపెంబ్వా. మర్యాదస్థుడే, పట్టిన పట్టు మాత్రం వదలడు.

"మూసేస్తే ఈవిడేం కావాలయ్యా?"

"శరణార్థుల జాబితాలోంచి అంగోలా వాళ్ళని ఎప్పుడో తీసేశారు. ఇందులో కూడా పేరు లేకపోతే..."

అంటే డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని, నా అన్నవాళ్ళు ఒక్కరూ లేని అంగోలాకి పొమ్మనడమే.

ఆ రోజుల్లో ఆసుపత్రివాళ్ళు బిడ్డ కార్డు మీద కాన్పు చేసినవాళ్ళ పేరు రాసేవారు. అది గుర్తొచ్చి ఇల్లిల్లూ తిరిగాను. ఎక్కడికెళ్ళినా ఒకటే మాట, "కార్డులా? పిల్లలు అంగోలా వెళ్తూ పట్టుకుపోయారు కదే!"

పక్కింటి కాంగో ఆవిడ, "నేనొచ్చింది నిన్నగాక మొన్న. అయినా సాక్ష్యం చెప్పమంటే చెప్తాను పిన్నీ, అబద్ధమైతే ఏం!" అంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి.

ముసోలక్క కర్రపెండలం తొక్క తీస్తూ కూర్చుంది. "ఇక చాల్లేవే చిలోంబో, తిరిగి తిరిగి కాళ్ళు పడిపోతాయి. పొమ్మంటే పోతాను."

"నోర్ముయ్! నువ్వు పోతే నన్ను తిట్టేదెవరు?" అని ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

కార్డు ఒకటి ఉంది. నా దగ్గరే ఉంది. మా ఆయన కాల్చెయ్యమంటే కాల్చకుండా, ముప్ఫై ఏళ్ళుగా పెట్టె అడుగున గుడ్డలో చుట్టి దాచుకున్నాను. తీస్తే ఏడుస్తానని భయం. తీశాను, కరువుదీరా ఏడ్చాను.

శుక్రవారం ముసోలక్కను వెంటబెట్టుకుని వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టాను. కపెంబ్వా పైకి చదివాడు. పేరు లికుంబి, ఆడపిల్ల. పుట్టింది ఎనభై అయిదు ఆగస్టులో. కాన్పు చేసింది ముసోలె.

"ముద్ర కూడా ఉంది, ఇది చెల్లుతుందమ్మా! కార్డు ఎవరిదో వాళ్ళే సాక్షి, మీ అమ్మాయొచ్చి ఒక సంతకం పెట్టేస్తే..."

"రాదు."

"అంగోలా వెళ్ళిపోయిందా?"

"తొమ్మిది రోజులు బతికింది బాబూ. మా రోడ్డు చివర శ్మశానంలో ఉంది."

ముసోలక్క కార్డు వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది. "దాచుకున్నావటే?" అంది. ఆ చేతుల్లోనే నా పిల్ల పుట్టింది, ఆ చేతుల్లోనే పోయింది.

కపెంబ్వా కాగితం ముందుకు లాక్కుని కలం తీశాడు. "మరి సాక్షి అన్నచోట ఏం రాయనమ్మా?"

"ఏం రాయనంటావేం? నా కూతురి పేరు రాయి. వయసు తొమ్మిది రోజులని రాయి."

అతను కుర్చీలోంచి లేచి, నిలబడే రాశాడు. తర్వాత ముసోలక్క వేలిముద్ర వేసింది.

నాకు ఆ తర్వాత నలుగురు పిల్లలు పుట్టారు, ఒకడు బళ్ళో పంతులు కూడా. ఆ రోజు నా పెద్దకూతుర్ని తలుచుకుని గర్వపడినంతగా వాళ్ళెవరి విషయంలోనూ పడలేదు.