ఆత్మకూరులో లేని నర్సింగమ్మ

మా అల్లుడు ఐలేశం డాక్టరు చదువు చదువుతున్నాడని దేవరకొండంతా చాటింది నేనే. అది మందుల డాక్టరు కాదని, పాటల మీద పెద్ద పుస్తకం రాస్తే యూనివర్సిటీ వాళ్లు ఇచ్చే పట్టా అని నాకు తెలుసు. తెలిసే, మోకాళ్ల నొప్పులున్న ముసలోళ్లను నలుగురిని వాడింటికి పంపాను. బడికి పోయే తొందరలో వాడు ఒక్కొక్కరికి నచ్చజెప్పలేక తిప్పలు పడుతుంటే, గోడ చాటున నిలబడి కడుపు పట్టుకొని నవ్వాను.

"మామా, నీకేం పని లేదా?"

"సూది ఎయ్యరాని డాక్టరువి, నీకన్నా పనున్నదా అల్లుడా?"

వాడికి పని లేని గడియ లేదు. కోడి కూతకు లేచి రాసుకునేవాడు. పదింటికి హైస్కూల్లో పాఠాలు. బడి నుంచి వచ్చాక మందను దొడ్డికి తోలి, వాళ్లమ్మకు, అంటే మా అక్క గోపమ్మకు, ఆయాసం మందు తాగించి, చంటిపిల్లను ఎత్తుకొని తిరిగేవాడు. ఆదివారం వస్తే సంచి తగిలించుకొని పాటల కోసం ఊళ్లు పట్టుకు తిరిగేవాడు. గొర్ల కాపరుల పాటలు నూటయాభై దాకా పోగుచేశాడు. ఉగాదిలోపు అంతా రాసి తేకపోతే పేరు కొట్టేస్తామని హైదరాబాదులో పెద్దసారు చెప్పాడట.

వాడు రాయని పాట ఒకటి ఇంట్లోనే ఉంది. తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేసేటప్పుడు మా అక్క పాడేది. ఆ గొర్రె తన్నుతుంటే మెడ మీద చెయ్యేసి, పిల్లను పొదుగు దగ్గరికి నెడుతూ, అది ఊరుకునేదాకా పాడేది. మా అమ్మ దగ్గర నేర్చింది. ఇంకెవరికీ రాదు.

"ఊరోళ్లందరియి రాస్తివి. నాదెప్పుడు రాస్తవ్ బిడ్డా?" అని అడిగేది అక్క.

"నువ్వేడికి పోతవమ్మా? ఇంట్లనే ఉంటివి. ఆఖరుకు రాస్త."

"ఇంట్లోళ్లమంత ఆఖరుకేనాయె," అనేది వాడి భార్య గుర్వమ్మ, పొయ్యి ఊదుకుంటూ.

మాఘంలో బడికి మూడు రోజులు సెలవులొచ్చాయి. "ఈ మూడు రోజులు అమ్మ దగ్గర్నే కూసొని రాస్త," అన్నాడు ఐలేశం. నేను ఊరుకుంటే సరిపోయేది.

"ఆత్మకూరుల నర్సింగమ్మని ఒక ముసలామె ఉన్నది అల్లుడా. తొంభై ఏండ్లు. మూడొద్దులు పాడినా ఆమె పాటలు ఒడువయి. గిప్పుడో ఇంకొంచెంసేపటికో అన్నట్టున్నదట."

"నిజంగనా? ఎన్నిసార్లు ముంచినవ్ నన్ను!"

"బీరప్ప మీద ఆన."

వాడు అక్క దిక్కు చూశాడు. అక్క నవ్వింది. "పో బిడ్డా. నేనేడికి పోత?"

తెల్లారి బస్టాండులో వాడిని పట్టుకొని, నలుగురి ముందు నవ్వి, చాయ తాగించి తోలుకొద్దామనుకున్నాను. ఎన్నడూ టైముకు కదలని బస్సు ఆ రోజు టైముకే కదిలింది. నేను పోయేసరికి దుమ్ము మాత్రం ఉంది.

ఆ మధ్యాహ్నమే అక్కకు ఆయాసం ఎక్కువైంది. దవాఖాన నుంచి కంపౌండరు వచ్చి సూది వేసి, ఆమె కొడుకును పిలిపించమన్నాడు.

"ఎవరింట్ల ఉన్నడు మామా? మనిషిని పంపుదాం," అంది గుర్వమ్మ.

ఏ ఇంటికని పంపాలి? నర్సింగమ్మే లేదు కదా. ఆ మాట చెప్పాను. గుర్వమ్మ పిల్లను చంకనేసుకొని లోపలికి పోయింది. అయినా తమ్ముడు అంజిగాడు ఏదో ఒకటి చేస్తాడని మా అక్క ఒక్కతే నన్ను నమ్మింది. "వాడు రాకుంటే రాకపాయె. నువ్వన్నా ఇను అంజిగా, వాడికి చెప్పు," అని చిన్న గొంతుతో పాట ఎత్తుకుంది. నేను మంచం పక్కనే కూర్చున్నాను. చెవులు మాత్రం బస్సు చప్పుడు కోసం రోడ్డు మీద ఉన్నాయి.

ఆత్మకూరుకు పంపిన మనిషి వాడు దొరకక తిరిగొచ్చాడు. రెండో రోజు పొద్దున అక్క పోయింది. సాయంత్రం దాకా వాడి కోసం చూసి మట్టి చేశాం.

మూడో రోజు వాడు దిగాడు. ఆత్మకూరు ఇల్లిల్లూ, చుట్టుపక్కల పల్లెలూ తిరిగాడట. చెప్పులు తెగి చేతిలో ఉన్నాయి. దూరం నుంచే, "మామా, మల్ల ముంచినవ్ కదనే!" అని నవ్వుతూ వచ్చాడు. అప్పుడు వాకిట్లో జనాన్ని చూశాడు.

దినాలయ్యాక ఒక పొద్దున నోటు పుస్తకం తెచ్చి నా ముందు కూర్చున్నాడు. పదకొండు రోజులుగా వాడు నాతో మాట్లాడలేదు.

"అమ్మ నీకు పాట చెప్పిందట. చెప్పు."

ఎత్తుకున్నాను.

"నీది గాదని తన్నకే నల్లగొర్రె
నీ పిల్ల తాగంగ మిగిలినయే ఇయ్యవే"

వాడి కలం ఆగింది. "మామా, గిది అమ్మదేనా? నువ్వల్లిందా?"

"అమ్మదే."

"తర్వాత?"

తర్వాతివి నోట్లోకి వస్తూనే ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి. అచ్చం మా అక్క పాడినట్టే ఉన్నాయి. జన్మంతా అల్లడమే నా పని కాబట్టి ఏది ఆమెదో, ఏది నాదో నాకే తెలియలేదు. పది చరణాలు చెప్పినా వాడు రాసుకునేవాడు. హైదరాబాదులో మెచ్చుకునేవాళ్లు.

"అంతే యాదికున్నది అల్లుడా."

నేను నవ్వుతానేమోనని నా మొహం చూశాడనుకుంటా. తర్వాత ఆ రెండు పాదాల కింద 'పాడినది: గోపమ్మ, దేవరకొండ' అని రాసి, మిగతా పేజీ ఖాళీగా వదిలేశాడు. గడియారం చూసుకొని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ బడికి పోయాడు.