మిగిలిన దుప్పటి

పొద్దున్నే డ్రమ్ములో దుప్పట్లు కుక్కి, మోకాలు అడ్డంపెట్టి తలుపు వేసిందావిడ. మిషన్ మూలిగింది. మెకానిక్ చూస్తే చీవాట్లు తప్పవు. అయినా ఒక్క దుప్పటి బయట మిగిలిపోతే ఆవిడ ప్రాణం ఒప్పదు. ఆసుపత్రి లాండ్రీలో చేరిన నాటినుంచీ ఇదే వరస. బుట్ట ఖాళీ అయితేగాని పని అయినట్టు ఉండదు.

సబ్బునీళ్లలో నానినాని అరచేతులు పగుళ్లు తేలాయి. పై అంతస్తులో ఉతికిన బట్టల స్టోరు ఉంది. పొడి నేల, కూర్చోడానికి కుర్చీ. ఆ పనికి పదో తరగతి కావాలి. తల్లి మంచాన పడ్డప్పుడు మానేసిన చదువును, కూతురి పాత పుస్తకాలతో మళ్లీ పట్టుకుంది. మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కల దగ్గరే రెండుసార్లు బోర్లాపడింది. రేపు మళ్లీ పరీక్ష. ఈసారి పోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని ఇన్‌చార్జి నవ్వుతూనే చెప్పేశాడు.

"ఒకే పుస్తకం కదా, కూతురికి అబ్బింది తల్లికి అబ్బదేం?" అని మొగుడు వేళాకోళమాడతాడు. ఆడుతూనే, పరీక్షల రోజుల్లో వంటంతా తనే చేసిపెడతాడు.

ఉతికినవి బండిలో పేర్చుకుని వార్డుకు వెళ్లింది. చివరి మంచం మీద లెక్కల మాస్టారు. ఊపిరితిత్తులు చెడి చాన్నాళ్లుగా అక్కడే ఉంటున్నారు. ఓసారి బండిలో దుప్పట్ల కింద ఆవిడ దాచుకున్న పుస్తకం ఆయన కంటపడింది. అప్పట్నించీ పక్క మార్చినంతసేపూ ఒక లెక్క. మీకేమిచ్చుకోను మాస్టారూ అంటే, ముడతల్లేకుండా దుప్పటి పరుచు, అదే పదివేలు అన్నారు.

లెక్కంటే ప్రతిదీ సమానం కానక్కర్లేదని ఆయన చెప్పాకే ఆవిడకు తెలిసింది. 'కనీసం' అంటే అంతకు తగ్గకూడదు, 'మించకుండా' అంటే అది దాటకూడదు. తన సంసారమంతా ఆ రెండు మాటల మధ్యే ఈడ్చుకొచ్చాను కదా అని నవ్వుకుంది.

ఇవాళ మాస్టారు లేచి కూర్చోలేకపోయారు. అటొకసారి, ఇటొకసారి ఒత్తిగిల్లి పక్క మార్చనిచ్చారు. మాటమాటకూ ఆగి ఊపిరి తీసుకుంటూ లెక్క చెప్పారు.

"లిఫ్టు నాలుగు వందల కిలోలు మించి మోయదు. నడిపేవాడు అరవై అయిదు కిలోలుంటాడు. మూట ఒక్కోటి యాభై. ఎన్ని ఎక్కించొచ్చు?"

ఆవిడ అరచేతి మీదే పెన్నుతో వేసింది. "ఆరు పాయింట్ ఏడు వచ్చింది మాస్టారూ. అంటే ఏడు."

"ఏడెలా అయిందమ్మా?"

"మరి ఆ ఏడో మూట ఏం పాపం చేసింది? కాస్త సర్దితే పట్టేస్తుంది."

నవ్వబోతే ఆయనకు దగ్గు ముంచుకొచ్చింది. ఆవిడ మంచినీళ్లు తాగించింది.

"నువ్వు సర్దుతావు, లిఫ్టు సర్దుకోదు. మించకూడదన్నప్పుడు కిందికే దిగాలి. ఆరు. ఏడోదాన్ని పారేస్తామా ఏమిటి? తర్వాతి విడతలో వస్తుంది. రేపు గుర్తుంటుందా?"

"ఉంటుంది మాస్టారూ."

"అయితే నేనూ పాసే," అని కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నం మాసినవి తీసుకోడానికి వెళ్తే చివరి మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"నువ్వెళ్లిన కాసేపటికే," అంది నర్సు. "నిద్రలోనే పోయారు. ఏ బాధా పడలేదు."

ఆవిడ మంచం కమ్మి పట్టుకుని నిలబడిపోయింది. అప్పట్లో అయినవాళ్లంతా చదువు మానమన్నారు. ఏమీ కాని మనిషి, ఉన్న కాస్త ఊపిరీ తనకోసం ఖర్చుపెట్టి చదువు చెప్పారు. ఇంత అదృష్టం తనకెందుకు పట్టిందో తెలియలేదు. కళ్లు తుడుచుకుని, ఖాళీ మంచానికే చేతులు జోడించింది.

కిందికొచ్చి డ్రమ్ము నింపింది. నిండేసరికి ఒక్కటే మిగిలింది, పొద్దున తను మాస్టారికి పరిచిన దుప్పటి. మోకాలు అడ్డంపెడితే పట్టేసేదే. తలుపుదాకా వెళ్లిన చెయ్యి ఆగింది.

"ఆరు," అంది పైకే.

తలుపు సులువుగా పడింది. మిషన్ మూలగకుండా తిరగడం మొదలుపెట్టింది. బుట్ట అడుగున మాస్టారి దుప్పటి ఒక్కటే, ఆయన ఒత్తిగిల్లిన ముడతలతో, తర్వాతి విడత కోసం మిగిలింది.