ఆర్విడ్ బూడిదకో పెట్టె

ఆర్విడ్ టోలెఫ్‌సన్ మార్చిలో పోయాడు. అందరూ భయపడ్డట్టు మోటార్ సైకిల్ మీద నుంచి పడి కాదు. టీవీలో హాకీ చూస్తూ, తన జట్టు గోల్ కొట్టిందని ఎగిరి లేచి, లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. ఆ గోల్ చెల్లదని రిఫరీ చెప్పడం వినలేదు కాబట్టి సంతోషంగానే పోయాడని మా ఊరంతా అనుకున్నాం.

భార్య బెర్నీకి ఒక్క కోరికే చెప్పి ఉంచాడు. తన బూడిదను బ్లాక్ హిల్స్ కొండల్లో ఒక రోడ్డు మలుపు దగ్గర చల్లాలి. వయసులో ఉన్నప్పుడు ఆ మలుపులోనే బెర్నీని మోటార్ సైకిల్ మీద నుంచి కింద పడేసి, ఆమె మోకాలికి కట్టు కడుతూ పెళ్లి మాటెత్తాడు. ఇప్పుడక్కడికి బండి మీదే తీసుకెళ్లాలట. కారులో తీసుకెళితే దెయ్యమై వస్తానని బెదిరించాడు కూడా.

బెర్నీ బూడిదను కాఫీ డబ్బాలో పోసి, డబ్బాను ఫ్రిజ్ మీద పెట్టింది.

"పెట్టె నేను చేస్తా" అన్నాడు మెర్ల్ స్కోగ్‌స్టాడ్. "కొన్న పెట్టెలో వాణ్ని కూర్చోబెడితే లేచొచ్చి నన్ను తంతాడు."

మెర్ల్ ఆర్విడ్‌కు ప్రాణస్నేహితుడు. ఇద్దరూ మెర్ల్ షెడ్డులో జీవితమంతా రేకులు కొట్టి, వంచి, అతికి బండ్లు కట్టారు. పెట్రోలు ట్యాంకు, సీటు, హ్యాండిలు అన్నీ చేత్తోనే. దుకాణంలో కొన్న ముక్క ఏదైనా బండికి తగిలించి కనిపిస్తే ఇద్దరికీ ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది.

ఏప్రిల్ పోయింది. మే పోయింది. బెర్నీ షెడ్డుకు వెళ్లినప్పుడల్లా మెర్ల్ ఇసుక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తితో బాదుతూనే ఉండేవాడు.

"ఎంతవరకొచ్చింది?"

"కుడి భుజం కుదర్లేదు. మళ్లీ కొడుతున్నా."

"పెట్టెకి భుజమేంట్రా?"

"నీకు తెలీదులే."

జులైలో బెర్నీ తమ్ముడు కర్టిస్ రంగంలోకి దిగాడు. కర్టిస్ ఎరువులమ్ముతాడు. అతని బండికి క్యాటలాగులో ఉన్నవన్నీ ఉన్నాయి: కింద నీలం లైట్లు, పుర్రె బొమ్మల అద్దాలు, కాఫీ కప్పు పెట్టుకునే గూడు, వెనక రెండు జెండాలు. క్రిస్మస్ చెట్టుకు చక్రాలు పెట్టారంటాడు మెర్ల్. కర్టిస్ క్యాటలాగు తిరగేసి ఒక పెట్టె తెప్పించాడు. తళతళలాడే క్రోమ్. మూత మీద రెక్కలు చాచిన గద్ద.

"నాలుగు బోల్టులక్కా. పావుగంట పని."

మెర్ల్ దాన్ని వేలితో కొట్టి చూశాడు. "ఇది బ్రెడ్డు డబ్బారా."

"అయితే ఏంటి? లోపల కూర్చునేవాడికి తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"నువ్వు చేసేలోపు మా అక్క కూడా పోతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే చేసేయ్!"

బెర్నీ చేతిలో ఉన్న తువ్వాలుతో తమ్ముణ్ని ఒక్కటిచ్చింది. కానీ ఆ ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ మొగుడి వంక చూడలేక విసిగిపోయి ఉంది. ఆగస్టు మొదట్లో బయల్దేరదామంది.

బయల్దేరిన రోజు బెర్నీ ఆర్విడ్ బండెక్కింది. వెనక మడ్‌గార్డు మీద గద్ద పెట్టె. పక్కింటివాణ్ని కాబట్టి నేనూ వెళ్లాను. మెర్ల్ తన వెనక ఏదో దుప్పట్లో చుట్టి కట్టుకొచ్చాడు. ఏంటది అంటే, "భోజనం" అన్నాడు.

మిస్సోరి నది దాటాక రోడ్డు గతుకులమయం. ముందు చూసింది కర్టిసే. కీచుమని హారన్ కొట్టాడు. అప్పటికే పెట్టె గాల్లోకి లేచి, రోడ్డు మీద గంతులేసి, ముళ్లకంచె కింద నుంచి దూరి పచ్చిక బీట్లో పల్టీ కొట్టింది. మూత ఒక దిక్కున, ఆర్విడ్ సగం ఇంకో దిక్కున.

మేం బండ్లు ఆపేలోపు ఒక ఆవు వచ్చి నాలుక చాపింది.

"హేయ్! ఫో! అది నా మొగుడు!" అని అరుస్తూ బెర్నీ ప్యాంటు చిరిగేలా కంచె దూకింది.

కర్టిస్ వంగి మడ్‌గార్డు చూస్తున్నాడు. "బోల్టులు మాత్రం ఊడలేదు, చూశారా?" నిజమే. బోల్టులు గట్టిగా ఉన్నాయి. వాటికింద క్రోమ్ పట్టీయే బిస్కెట్టులా విరిగింది.

"నోర్మూసుకుని కప్పు ఇలా తే" అంది బెర్నీ.

కర్టిస్ కాఫీ కప్పుతో గడ్డిలోంచి దొరికినంత ఎత్తాం. గడ్డి, మట్టి, బహుశా కొంచెం పేడ కూడా. ఎంత ఆర్విడో, ఎంత సౌత్ డకోటా మట్టో ఎవరికీ తెలియదు.

మెర్ల్ వెళ్లి దుప్పటి విప్పాడు.

పెట్టె కాదది, ముచ్చటైన చిన్న ట్యాంకు. రంగు లేదు, ఉత్త ఇనుము. అతుకు ఎక్కడుందో వేలికి తగల్లేదు. నిజంగానే భుజాలున్నాయి, కాస్త వంగి, ఆర్విడ్ భుజాల్లాగే. కర్టిస్ దాని మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు.

"ఎప్పుడయింది ఇది?" అడిగింది బెర్నీ.

"జూన్లోనే."

"మరి ఇవ్వలేదేం?"

"ఇస్తే వాణ్ని తీసుకెళ్లి చల్లేస్తావుగా" అన్నాడు మెర్ల్, కంచె వైపు తిరిగి.

బెర్నీ రోడ్డు మ్యాపును గరాటులా చుట్టి ట్యాంకు మూతి దగ్గర పట్టుకుంది. డబ్బాలో మిగిలిందీ, కప్పులోదీ మెర్ల్ పోశాడు.

సాయంత్రానికి మలుపు చేరాం. కింద లోయ నిండా పైన్ చెట్లు. బెర్నీ హెల్మెట్ తీసి, "సరే ఆర్విడ్, వచ్చేశాం, దిగు" అని ట్యాంకు బోర్లించింది.

చిటికెడు బూడిద రాలింది. గాలికి అది కూడా పోయి కర్టిస్ గడ్డంలో పడింది.

బెర్నీ ఊపింది. కర్టిస్ ఊపాడు. నేనూ ఊపాను. ఏమీ రాలేదు. మెర్ల్ మొహం ఎర్రగా కందిపోయింది.

"లోపల... అడ్డరేకులు పెట్టా."

"ఎందుకు?"

"ట్యాంకుకి పెడతాం కదా. లేకపోతే మలుపుల్లో పెట్రోలు అటూ ఇటూ ఊగుతుంది."

"మెర్ల్, ఇందులో పెట్రోలుందా?"

"చెయ్యి అలవాటుపడిపోయింది, బెర్నీ."

కర్టిస్ గడ్డం దులుపుకుంటూ మురిసిపోయాడు. "నా బ్రెడ్డు డబ్బాకైతే మూత తీస్తే చాలు."

"దారిలోనే తెరుచుకుందిగా, నీ దొంగ డబ్బా!" అన్నాడు మెర్ల్. తర్వాత బెర్నీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కింద ఊళ్లో ఇనుము కోసే గ్రైండరు దొరుకుతుంది. అడుగు కోసేస్తా."

బెర్నీ రోడ్డు పక్క రెయిలింగు మీద కూర్చుని ట్యాంకును ఒళ్లో పెట్టుకుంది. మొదట ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని కర్టిస్ దగ్గరికెళ్లాడు. నవ్వుతోంది. మార్చి తర్వాత ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

"ఏ బార్లో అయినా వీడు ఒక్క పిలుపుకి లేచాడా? నలుగురం కలిసి ఊపినా లేచేవాడు కాదు."

"కొయ్యమంటావా?" అడిగాడు మెర్ల్.

"కోశావంటే నీ వేళ్లు కోస్తా" అంటూ ట్యాంకును తీసుకెళ్లి మళ్లీ మడ్‌గార్డు మీద బిగించింది.

ఆర్విడ్ ఇప్పటికీ ఆ బండి మీదే ఉన్నాడు. మీ ఆయన ఎక్కడని కొత్తవాళ్లెవరైనా అడిగితే, గ్యారేజీలో ఉన్నాడంటుంది బెర్నీ. అతను బతికున్నప్పుడూ ఆమె ఆ జవాబే చెప్పేది.