ఆరో కంప్యూటర్

2010 జనవరి ఇరవై రెండు. ఆ పొద్దున తార్నాకలో మా ఇంట్లో రాత్రి మిగిలిన పులిహోర తిన్నాను. నా భార్య కాత్యాయని పోయాక నాకు చేతనైన వంటల్లో అదొకటి. స్కూటర్ మీద యూనివర్సిటీకి వెళితే గేటు దగ్గర ముళ్లకంచె. ప్రత్యేక రాష్ట్రం కోసం విద్యార్థుల ఆందోళన నడుస్తోంది. ఒక కానిస్టేబుల్ నా తెల్లజుట్టు చూసి, ఏమీ అడగకుండా కంచె పక్కకి జరిపాడు. లోపల గాలిలో బాష్పవాయువు ఘాటు ఇంకా పోలేదు.

వనజ పీహెచ్‌డీ చివరి సెమినార్ ఆ రోజు. అది గట్టెక్కకపోతే నెలాఖరుకి ఆమె రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. గైడు శశిభూషణ్, కమిటీలో నేను. మేమిద్దరం కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. వనజ జనగామ రైతుబిడ్డ.

ల్యాబులో ఆరు కంప్యూటర్లని ఒకే కేబుల్‌తో వలయంగా కలిపింది. సమాచారం ఒకే దిక్కున తిరుగుతుంది. ముందున్న ఐదూ దారిని నింపేస్తే ఆరోదానికి సందు దొరకదు. వనజ పద్ధతిలో, చోటు దొరకని కంప్యూటర్ ముందువాటికి కబురు పంపుతుంది. అవి కాస్త తగ్గి దారిస్తాయి. దానివల్ల మొత్తం వెళ్లే సమాచారం నూటికి నాలుగు వంతులు తగ్గుతుంది.

శశిభూషణ్‌కి ఆ నాలుగే కనిపించాయి. తన పాత పద్ధతే మేలన్నాడు. ఒక్కో కంప్యూటర్ వాటా చూపే అధ్యాయం తీసేసి మొత్తం మాత్రమే చూపాలని, లేకపోతే థీసిస్ పంపనని అన్నాడు. ఆ పాత పద్ధతిలో ఆరోదానికి సందే దొరకడం లేదని వనజ చెప్పింది.

"ఇక్కడ కూడా ధర్నాయేనా అమ్మా?" అని నవ్వి, నా వైపు వంగాడు. "మీరు మనవాళ్లు, మీరైనా చెప్పండి సోమయాజులు గారూ."

నా ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఈ పిల్ల ఈ నవ్వునే భరించిందన్నమాట. గొంతు పెంచడం నాకు రాదు. లేచి, ఆరో కంప్యూటర్ ముందు కుర్చీ లాగి, అతన్ని కూర్చోమన్నాను. అతని పద్ధతే పెట్టించి, మిగతా ఐదింటినీ నిండుగా నడిపించి, అతని ఫైలే ఒకటి పంపమన్నాను.

పంపాడు. కదల్లేదు. మళ్లీ నొక్కాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి నొక్కాడు.

"నెట్‌వర్క్ పాడైంది."

"లేదు సార్, మంచిగనే నడుస్తున్నది," అంది వనజ. "మొత్తం చూడుండ్రి. దారి నూటికి తొంభై ఎనిమిది వంతులు నిండింది."

తన పద్ధతి పెట్టనా అని వనజ నన్నడిగింది.

"వద్దు. ఆయన్ని ఇంకాసేపు ఆగనీ," అన్నాను. ఒక మనిషి గురించి అంత కటువుగా నేనెప్పుడూ మాట్లాడలేదు.

చివరికి "మార్చు" అన్నాడు. ఫైలు వెళ్లిపోయింది. అధ్యాయం ఉంచుకోమని, ఆ నాలుగు వంతుల నష్టం కూడా దాచకుండా రాయమని ఆమెకి చెప్పాడు.

"మొదటి పేజీలనే రాసిన సార్. పోయినేడే ఇచ్చిన మీకు."

తలెత్తకుండా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఆమె ఇచ్చింది చదవనే లేదన్నమాట.

చీకటి పడకముందే పోలీసులు గేట్లు మూస్తారట. ముళ్లకంచె లేని సీతాఫల్‌మండి వైపు నుంచి పొమ్మని వనజ నాకు దారి చెప్పింది. తర్వాత కంప్యూటర్లు ఆపి, లైటు తీసి, రాత్రికి ల్యాబు తలుపు చప్పుడు కాకుండా మూసింది.