ముందే లేచిన మొక్క

లైట్ బాబాయ్ పొద్దున్నే సూర్యుణ్ణి భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. సూర్యుడే బరువెక్కాడో, తన మోకాళ్ళే అరిగాయో తేల్చుకోలేక మలుపు దగ్గర గోడకానుకుని ఊపిరి పీల్చుకున్నాడు. కిటికీల్లేని స్టూడియో గదిలో స్టాండు నిలబెట్టి, దాని తలకి ఆ పెద్ద లైటు బిగించి, ముందు పసుప్పచ్చ కాగితం క్లిప్పులతో తగిలించి, మీట నొక్కాడు. తెల్లవారింది.

ఆ గదిలో ప్రకృతి అంతా బాబాయ్ చేతుల మీదుగానే నడుస్తుంది. పొగ యంత్రం ఊదితే కొండ మీద మంచు. టేబుల్ ఫ్యాను తిప్పితే లోయలో గాలి. క్షౌరశాలలో వాడే నీళ్ళ సీసా నొక్కితే తొలి చినుకు. వీటన్నిటినీ కలిపి ఆ స్టూడియోవాళ్ళు మనిషి పట్టుదల గురించీ, ప్రకృతితో మన బంధం గురించీ చిన్న చిన్న వీడియోలు తీస్తారు. పడ్డవాడు లేస్తాడు, ఎండింది చిగురిస్తుంది, వెనకాల వేణువు మోగుతుంది. చూసినవాళ్ళు కళ్ళు తుడుచుకుని, అదే వేలితో పక్కవాళ్ళకి పంపిస్తారు.

ఆయన ఇక్కడ చేరింది లైట్ బాయ్‌గా. జుట్టు నెరిసింది గానీ ఉద్యోగం పేరు నెరవలేదు. అరవై దగ్గరపడ్డ మనిషిని బాయ్ అనడానికి నోరు రాక, కుర్రకారే ముందొక ‘బా’ తగిలించి బాబాయ్‌ని చేసింది. ఇన్నేళ్ళలో వచ్చిన ప్రమోషన్ అదొక్కటే. అందరూ తనని లైట్‌గా తీసుకుంటారని ఆయనే చెప్పి, ఆయనే ముందుగా నవ్వేస్తాడు.

పేరు తెచ్చింది మాత్రం చేతులు. వేడి దీపాలు పట్టి కమిలిన అరచేతులు, తీగలు లాగి లాగి ఉబ్బిన కణుపులు, బొటనవేలి గోరు నడుమ ఒక చీలిక. పొలం గట్టు ఎరగని ఆ చేతులు కెమెరాలోంచి చూస్తే అచ్చం రైతు చేతులే. కెమెరామన్ ఆ సంగతి కనిపెట్టిన దగ్గర్నుంచీ విత్తనం నాటే చెయ్యి, కొండరాయి పట్టుకునే చెయ్యి, ఏటి నీళ్ళు తీసుకునే దోసిలి అన్నీ బాబాయ్‌వే. మొహం మాత్రం ఒక్కసారీ పడలేదు. చెయ్యి తిరిగిన నటుణ్ణి నేనే, తక్కిన ఒళ్ళేదీ తిరగలేదంటాడు.

ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషన్ ముందు కూర్చుని చిరిగిన బట్టలు బాగుచేస్తుంది. ప్రతి వీడియోనీ చుట్టాలందరికీ పంపి, ఇవి మా ఆయన చేతులే అని కింద రాస్తుంది. ఎవరూ నమ్మరు. నిన్న భోజనం దగ్గర, నిష్ఠూరమేమీ లేకుండా మామూలుగానే అడిగింది: ఫోన్లో ఇన్ని అడవులు పెంచారు కదా, మన బాల్కనీలోకి ఒక్క ఆకైనా రాలేదేమండీ, అని. బాబాయ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. రేపు తెస్తానని మాటిచ్చాడు.

రేపంటే ఇవాళే, ఆయన ఉద్యోగానికి ఇవాళే ఆఖరు. వచ్చే నెల నుంచి ఎండా, చేతులూ కంప్యూటరే గీస్తుందట. మొదట్లో అది ఆరేసి వేళ్ళు గీసింది. అదనపు వేలికి అదనంగా జీతం అడగదు కనక ఆఫీసుకి నచ్చింది. బాబాయ్‌కి పెద్ద దిగులేమీ లేదు, మోకాళ్ళు అప్పుడే పండగ చేసుకుంటున్నాయి. ఇవాళ నాటబోయే మొక్కని ప్రాణంతో ఇల్లు చేర్చాలన్నదొక్కటే ఆయన కోరిక. షూటింగు మొక్కలకి సాయంత్రమయ్యేసరికి చెత్తబుట్టే తోట.

డైరెక్టరమ్మకి ఆయన కూతురి వయసుంటుంది. అడిగితే వెంటనే ఒప్పుకుంది.

“తీసుకెళ్ళు బాబాయ్. అయితే అన్ని షాట్లూ అయ్యాక.”

ఆ తరవాత షాట్లు వరసగా చదివింది. పొద్దున నాటడం, నీళ్ళు చల్లడం, వంగిన మొక్కని వేలితో నిలబెట్టడం. సాయంత్రం ఒక బూటుకాలు వచ్చి దాన్ని తొక్కేయడం. చూసేవాళ్ళకి కష్టం ముందు, ఊరట తరవాత. తీసేవాళ్ళకి తలకిందులు. నలిగినదాన్ని మళ్ళీ నిగనిగలాడించడం కుదరదు గనక, లేచే షాట్లు ముందే తీసేసుకుని తొక్కే షాటు చివరికి ఉంచుతారు.

బాబాయ్ ఇంకో మొక్క సంగతి అడిగాడు. రెండోది కారు డిక్కీలో వడిలిపోయిందట. తను పరిగెత్తి కొనుక్కొస్తానన్నాడు. మూడో ఆకు దగ్గర ఈ వంపే ఉన్న మొక్క ఏ దుకాణంలో దొరుకుతుందని నవ్వాడు కెమెరామన్. వీడియోలో అది మహావృక్షం కాబోతోంది. మట్టి తట్టలో ఉన్నది టమాటా మొక్క.

పూటంతా ఆయన దాన్ని నాటాడు, తీశాడు, మళ్ళీ నాటాడు. తీసిన ప్రతిసారీ వేళ్ళ చుట్టూ మట్టి రాలకుండా దోసిట్లో పట్టుకున్నాడు. షాటుకీ షాటుకీ నడుమ సూర్యుణ్ణి ఆర్పి దానికి నీడనిచ్చాడు.

మధ్యాహ్నం భార్య ఫోన్ చేసింది. పాత డబ్బాకి అడుగున కన్నాలు పెట్టి ఉంచిందట.

“ఇంతకీ ఏం మొక్కండీ?”

“వీడియోలో మహావృక్షం. మనింటికొచ్చేసరికి టమాటా.”

“అదే నయం. మహావృక్షమైతే బాల్కనీ సరిపోదు.”

బూటు సంగతి ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఆ బూటు ఎవరికీ పట్టలేదు. కెమెరామన్‌కి బిగుతు, ఆఫీసు కుర్రాడికి వదులు. బాబాయ్‌కి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కాలం కలిసిరాకపోయినా కాలు కలిసొచ్చిందని అందరికంటే ముందు తనే అన్నాడు. ఈసారి మాత్రం నవ్వలేదు.

మొదటిసారి పిల్లి అడుగేసినట్టు వేశాడు. బూటు తీయగానే మొక్క టక్కున లేచి నిలబడింది. కెమెరామన్ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. వేణువు వచ్చేదాకా పడుకోవాలని దానికి చెప్పమంది డైరెక్టరమ్మ. రెండోసారి ఇంకొంచెం బరువు వేశాడు. పడుకుంది. కెమెరా దగ్గరికి వచ్చేసరికి ఒక ఆకు మెల్లగా తలెత్తి చూసింది.

డైరెక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆయన మొహం చూసి గొంతు తగ్గించింది.

“ఇది పడితేనే బాబాయ్, పొద్దున నువ్వు లేపినదానికి అర్థం.”

“అర్థం నాకు తెలుసమ్మా. దానికే తెలీదు.”

మూడోసారి ఒళ్ళంతా ఆ కాలి మీద వేశాడు. బూటు అడుగు మందం దాటి, చిన్నగా చిట్లిన చప్పుడు అరికాలికి తెలిసింది. డైరెక్టరమ్మ ఓకే అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన వెళ్ళి మీట కట్టేశాడు. పొద్దుగూకింది.

ఆ చీకట్లోనే తట్ట ముందు మోకాళ్ళూని, బూటు అచ్చులోకి అయిదు వేళ్ళూ దించాడు. ఉన్నట్టుండి భుజం మీంచి తెల్లగా వెలుగు పడింది. డైరెక్టరమ్మ ఫోన్ దీపం వేసి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆయనకి ఇంకొకరు లైటు పట్టడం అదే మొదలు. కాడ ఒకచోట వంగి తోలు చిట్లింది, లోపలి నార తెగలేదు. జేబులోంచి కరెంటు పనికి వాడే నల్ల టేపు తీసి, బిగించకుండా రెండు చుట్లు చుట్టాడు. మట్టితో సహా ఎత్తి బల్బు అట్టపెట్టెలో కూర్చోబెట్టాడు.

గుమ్మం దగ్గర ఆగి ఇంటికి ఫోన్ చేశాడు.

“బయల్దేరాను. ఒకళ్ళని వెంటబెట్టుకొస్తున్నా.”

“ఎవర్నండీ?”

“కాస్త దెబ్బ తగిలింది. నిలబడుతుందిలే.”

అవతల మిషన్ చప్పుడు ఆగింది.

“రానివ్వండి. రెండు రోజులు నీడన పెడదాం.”

పెట్టెని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, కుదుపు తగలకుండా ఒక్కో మెట్టే దిగి వెళ్ళిపోయాడు. ఈసారి మోకాళ్ళు ఏమీ అనలేదు. గదిలో తట్ట మిగిలింది. అందులో లోతుగా దిగిన బూటు అడుగు, ఆ అడుగు నడుమ అయిదు వేళ్ళు తవ్వుకుపోయిన తడి గుంట.