మెషీను మారిన వేళ సీతాబాయి తాళం

సీతాబాయి చెప్పిందని పెంటయ్య చెప్పిన కబురిది: మూడో అంతస్తు ఉమాశ్రీ ఎవడో మనిషిని ఎత్తుకుపోవడానికి పథకం వేస్తోందట. రోజూ పొద్దున బాల్కనీలో నిలబడి ఫోన్లో మాట్లాడుతుందట. "లోపలున్నవాడికి అనుమానం రాకూడదు. వాడి పని వాడు చేసుకుంటూనే ఉండాలి. కన్నుమూసి తెరిచేలోగా వేరే చోట తేలాలి" అందట. "అటువైపు రెడీయేనా? ఇటువైపుది చంపేయనా?" అని కూడా అడిగిందట. ఆ చివరి మాట చెవిన పడ్డాక సీతాబాయికి ఆ పూట అన్నం కూడా సయించలేదట.

మూసాపేటలో ఆ అపార్ట్‌మెంట్ కింద పెంటయ్యది ఇస్త్రీ బండి. మడతపెట్టిన బట్టలు ఉమాశ్రీ చేతికిస్తూ ఇదంతా చెప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"నాకెందుకు గని అమ్మా, ఆ మనిషి బరువున్నడా? ఇద్దరు ముగ్గురు కావాల్నంటే చెప్పు. మా తమ్ముళ్లు ఖాళీగనే ఉన్నరు."

ఉమాశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బట్టల మూట చంకన పెట్టుకుని, లిఫ్టు కోసం కూడా ఆగకుండా దబదబా నాలుగో అంతస్తు ఎక్కేసింది. సీతాబాయి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"ఆంటీ, నేను మనుషుల్ని ఎత్తుకుపోతున్నానని చెప్పారటండీ?"

సీతాబాయి తల కూడా ఎత్తలేదు. "నేనేమన్న నా జేబులకెల్లి తీసి చెప్పిన్నా? నువ్వన్న మాటనే చెప్పిన. చంపుతా అన్నవా, అనలేదా?"

"అన్నాను. కానీ అది మెషీను గురించండీ!"

"మెషిన్ అయితే వాడు వీడు అనుడేంది మరి? అది అనాలె గదా."

ఉమాశ్రీ చతికిలపడి కూర్చుని, తనూ ఒక చిక్కుడుకాయ అందుకుని, చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగం ఇళ్లు మార్చడం లాంటిదే, కాకపోతే ఇంట్లోవాళ్లకు తెలియకుండా. ఒక పెద్ద సర్వర్‌లో కిరాయికున్నట్టు చాలా కంప్యూటర్లు ఉంటాయి. చేత్తో పట్టుకునేవి కావు, సాఫ్ట్‌వేర్‌తో కట్టినవి. సర్వర్‌కు మరమ్మతు వస్తే లోపలి మెషీనును నడుస్తుండగానే పక్క సర్వర్‌లోకి మార్చాలి. మామూలు వాటితో పేచీ లేదు. వచ్చే సామానంతా గేటు దగ్గర వాచ్‌మన్ రాసుకున్నట్టు బయటి సాఫ్ట్‌వేర్ రాసుకుంటుంది. కాపీ చేశాక మెమరీలో ఏ అర మారిందో దాన్ని మళ్లీ కాపీ చేస్తే సరి. కానీ వేగం కావాలన్నవాళ్లకు నెట్‌వర్క్ కార్డునే నేరుగా లోపలి మెషీను చేతికి ఇచ్చేస్తారు. అది వాచ్‌మన్ మొహం కూడా చూడకుండా వెనక గుమ్మంలోంచి వచ్చి, అరల్లో సామాను సర్దేసి పోతుంది. అది చాలదన్నట్టు, లోపలి మెషీను ఆ కార్డుకు సొంతంగా చిరునామాల చిట్టా ఒకటి రాసిస్తుంది. వర్చువల్ ఐఓఎంఎంయూ అంటారు. కార్డు ఏడో అర అంటే అది నిజానికి ఎక్కడిదో ఆ చిట్టా చూస్తే గానీ తెలియదు. చిట్టా ఏమో క్షణానికో రకంగా మారుతుంటుంది. దాని వెంటపడి, కార్డు ముట్టుకున్న ప్రతి అరనూ పట్టుకుని, ఒక్కటీ వదలకుండా అవతలికి చేర్చాలి. ఉమాశ్రీతో కలిపి ఆరుగురు రెండేళ్లుగా చేస్తున్నది ఇదే.

సీతాబాయి అంతా విని ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఏకాహంల భజన మండలి మారినట్టు. కూసున్నోళ్లు లేవకముందే వచ్చినోళ్లు అందుకుంటరు. నామం తెగదు. గింతేనా?"

"అంతేనండీ!" ఉమాశ్రీ మోకాలి మీద చరుచుకుంది. "మీకెలా తెలుసు?"

"ముప్పై ఏండ్లసంది తాళాలు పట్టిన. డోలక్ మీద చెయ్యి ఇంతంత జారినా నా చెవికి తెలుస్తది. నమ్మకపోతే ఆయననడుగు."

లోపలి గదిలోంచి ఆమె భర్త రాజయ్య గొంతు వినిపించింది. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరైనవాడు, భజనలో డోలక్ ఆయనదే. "ముప్పై ఏండ్లసంది ఒక్క దెబ్బ తప్పనియ్యలే బిడ్డా. ఏకాహంల దగ్గొచ్చినా మింగేటోన్ని."

ఉమాశ్రీ చేతిలో చిక్కుడుకాయ అక్కడే ఆగిపోయింది.

కామేశ్వరరావు అనే పెద్దమనిషి ఆన్‌లైన్‌లో సంగీతం బడి నడుపుతున్నాడు. ఆయన మెషీన్లన్నీ ఉమాశ్రీ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. మరమ్మతు పేరుతో పాఠం మధ్యలో ఆపితే ఊరుకోనన్నాడు. నడుస్తుండగానే మారుస్తామంటే నమ్మలేదు. గ్రాఫులు చూపిస్తే పక్కకు నెట్టేశాడు. "తాళం తెలిసిన మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. మెషీను ఎప్పుడు మారిందో ఆ మనిషి చెప్పలేకపోతే మీ దగ్గరే ఉంటాను. చెప్పగలిగితే నా దారి నేను చూసుకుంటాను" అన్నాడు. ఆయన వెళ్లిపోతే ఈ పనే ఆపేస్తామని మేనేజర్ ఉదయ్ భాస్కర్ ముందే చెప్పేశాడు. రెండేళ్ల కష్టం అటకెక్కుతుంది. పరీక్ష రేపే. తాళం తెలిసిన మనిషి ఇంకా దొరకలేదు.

తిట్టడానికి వెళ్లిన ఉమాశ్రీ, సీతాబాయిని మర్నాటి పరీక్షకు పిలిచి కిందికి దిగింది.

మర్నాడు పదకొండింటికి కోకాపేటలో, పద్నాలుగో అంతస్తు మీటింగు గదిలో, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని సీతాబాయి చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చుంది. కుర్చీ తిరుగుతుందని తెలిశాక రెండు చుట్లు తిరిగి చూసి, ఇత్తడి తాళాలు ఒళ్లో పెట్టుకుంది. రాజయ్య మూసాపేటలోనే ఫోన్ ముందు డోలక్ పట్టుకుని కూర్చున్నాడు. ఆయన వాయించింది లోపలి మెషీనులోకి వెళ్లి, అక్కడి నుంచి ఈ గదిలోని స్పీకర్‌లోకి రావాలి. ఈవిడ దానికి తాళం వేయాలి. దెబ్బ ఎక్కడ తడబడినా కుడిచెయ్యి ఎత్తాలి. మెషీనును ఎప్పుడు మారుస్తారో ఆమెకూ చెప్పరు, కామేశ్వరరావుకూ చెప్పరు.

కామేశ్వరరావు నోటు పుస్తకం తెరిచాడు. ఉమాశ్రీ టీం ఆరుగురూ గోడవార వరసగా కూర్చున్నారు. లాప్‌టాప్ వాళ్లలో ఒకడైన లోహిత్ ఒళ్లో ఉంది.

డోలక్ మొదలైంది. సీతాబాయి తాళాలు ఘల్లుమన్నాయి. పావుగంట హాయిగా సాగింది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి పైకి లేచింది. లోహిత్ ఇంకా ఏమీ నొక్కలేదు. అందరూ బిత్తరపోయారు.

"ఏమయ్యా!" అని సీతాబాయి స్పీకర్ మీద గయ్యిమంది. "చాయ్ తాగినవా?"

రెండు దెబ్బల తర్వాత స్పీకర్ నెమ్మదిగా ఒప్పుకుంది. "ఒక్క గుక్కనే."

"ఎడమచేత్తో గిలాస పట్టినవ్. ఎడమ దెబ్బ పోయింది."

కామేశ్వరరావు కళ్లద్దాలు సర్దుకుని ఆమె వైపు గౌరవంగా చూశాడు. ఉమాశ్రీకి మాత్రం ఎలాంటి చెవిని తెచ్చి తన నెత్తికే చుట్టుకుందో ఇప్పుడు అర్థమైంది.

మరో పది నిమిషాలకు లోహిత్ ఉమాశ్రీ వైపు చూశాడు. ఆమె తలూపింది. నొక్కాడు. తెర మీద అంకెలు పరుగెత్తాయి. మిగిలిన అరలు లక్షల్లోంచి వేలల్లోకి దిగాయి. కార్డు ఏదో సర్దిపోయింది, మళ్లీ పెరిగాయి. చిట్టా వెంట పడ్డారు, మళ్లీ తగ్గాయి. వందలు. పదులు. ఇక మిగిలింది ఆ ఒక్క క్షణం: ఇక్కడ మెషీనును ఆపాలి, కార్డు చేతిలో ఉన్నదాన్ని ఉన్నట్టు అవతలి కార్డు చేతిలో పెట్టాలి, అక్కడ లేపాలి. సెకనులో ఆరోవంతు. ఆ ఖాళీని వినేవైపు ముందే చేరి ఉన్న శబ్దంతో పూడ్చాలి.

సరిగ్గా ఆ క్షణాన సీతాబాయి కుడిచెయ్యి పైకి లేచింది.

లోహిత్ లాప్‌టాప్ మూసేశాడు. ఉదయ్ భాస్కర్ కిటికీలోంచి ఔటర్ రింగ్ రోడ్డు వైపు చూడసాగాడు. కామేశ్వరరావు అతని మొహం చూశాడు, లాప్‌టాప్ చూశాడు, ఇంకేమీ అడగకుండా పెన్ను మూత పెట్టేశాడు.

"బాగా ప్రయత్నించారండీ" అన్నాడు మర్యాదగా. ఆ మర్యాదకే ఉమాశ్రీకి కళ్లు చెమ్మగిల్లాయి. అయినా ఎక్కడ దెబ్బ తిన్నామో తెలుసుకోకుండా పోవడం ఆమెకు చేతకాదు.

"ఆంటీ, ఏం వినిపించిందండీ? దెబ్బ పోయిందా? రెండుసార్లు పడిందా?"

"దెబ్బకేమైంది? దెబ్బ మంచిగనే ఉన్నది."

"మరి చెయ్యి ఎందుకెత్తారు?"

సీతాబాయి గోడవార వరస మొత్తాన్ని వేలితో చూపించింది. "ఈ ఆరుగురు ఒక్కసారే ఊపిరి బిగవట్టిన్రు. అప్పటిదాంక ఈ పిల్లగాడు బుస్సు బుస్సుమంటుండె, నువ్వు కాలు ఊపుతుంటివి. అన్నీ ఒక్కపాలి బంద్. నాకు పరేషాన్ అయింది. ఎవరికన్న ఏమన్న అయిందేమో అని ఎత్తిన."

మొదట నవ్వింది కామేశ్వరరావే. అది మామూలు నవ్వు కాదు. కుర్చీ చక్రాలతో సహా వెనక్కి జారి బీరువాకు తగిలేంత నవ్వు. లోహిత్ తల పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాడు. స్పీకర్లో రాజయ్య ఏమైందో చెప్పమని మొత్తుకుంటూనే, చేతులు మాత్రం ఆపకుండా వాయిస్తున్నాడు.

"అందరూ బయటికి!" అన్నాడు కామేశ్వరరావు కళ్లు తుడుచుకుంటూ. "ఊపిరి కావాలంటే వసారాలో బిగబట్టుకోండి. నేనూ అమ్మగారూ ఉంటాం. మళ్లీ మొదటినుంచీ."

సీతాబాయి వీపు అద్దాల తలుపు వైపు వచ్చేలా కుర్చీ తిప్పారు. ఆరుగురూ, మేనేజరూ వసారాలోకి వచ్చిపడ్డారు. లాప్‌టాప్ నీళ్ల డబ్బా మీద పెట్టారు. ఈసారి ఉమాశ్రీ తనే నొక్కింది. లక్షలు, వేలు, వందలు, పదులు. ఏడుగురూ ఊపిరి బిగబట్టారు, ఇష్టమొచ్చినంత సేపు. మెషీను అటువైపు లేచింది. అద్దంలోంచి చూస్తే సీతాబాయి తల అదే ఊపులో ఊగుతోంది. చెయ్యి లేవలేదు.

అరవడానికి వీల్లేదు. అందుకని చేతులు నోళ్లకు అడ్డం పెట్టుకుని ఎగిరారు.

"మళ్లీ ఇటు తెద్దామా?" అన్నాడు లోహిత్, కళ్లు మెరిపిస్తూ.

"వద్దు! ఒక్కసారి చాలు. ఆయన అడిగింది ఒక్కసారే" అన్నాడు ఉదయ్ భాస్కర్.

ఉమాశ్రీ అప్పటికే నొక్కేసింది. ఇటు వచ్చింది. మళ్లీ అటు పంపింది. మళ్లీ ఇటు. పసివాణ్ణి ఊయలలో ఊపినట్టు నాలుగుసార్లు ఊపింది, లోపలివాడు కన్ను కూడా తెరవలేదు. డోలక్ దెబ్బ గోడలోంచి వస్తూనే ఉంది. నాలుగోసారికి వసారాలో అందరి కాళ్లూ దానికే పడుతున్నాయి. తుడుపుకర్రతో అటుగా వచ్చిన ఆవిడ కూడా ఏ పండగో తెలియకపోయినా రెండడుగులు వేసి పోయింది. వద్దన్న ఉదయ్ భాస్కర్ మెడలో ఐడీ కార్డు అందరికంటే ఎక్కువగా ఎగురుతోంది.

తలుపు తెరుచుకుంది. కామేశ్వరరావు విసుగ్గా గడియారం చూపించాడు. "ఇంకా ఎప్పుడు మొదలుపెడతారండీ? గంట కావస్తోంది."

"నాలుగుసార్లు అయిపోయిందండీ" అంది ఉమాశ్రీ, రొప్పుతూ.

ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లాప్‌టాప్ దగ్గరికొచ్చి నాలుగు సమయాలూ తన నోటు పుస్తకంతో సరిచూసుకున్నాడు. పుస్తకంలో ఆ గంట మొత్తం ఖాళీగా ఉంది. పెన్ను మూత తీశాడు. "కాగితాలు పంపండి. ఎక్కడికీ పోవట్లేదు నేను."

ఈసారి అరిచారు. అంతస్తు అంతా తలలు బయటపెట్టి చూసేలా అరిచారు. ఉమాశ్రీ లోపలికి పరుగెత్తి సీతాబాయిని కుర్చీతో సహా గిర్రున తిప్పింది. ఉదయ్ భాస్కర్ ఫోన్ కెమెరా ఆన్ చేసి, అందరినీ నిశ్శబ్దంగా ఉండమని సైగ చేసి, కంపెనీ అందరికీ పంపే వీడియో కోసం గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మా రెండేళ్ల పరిశోధనను అందరికంటే ముందు అనుభవించింది మీరే. లోపల ఎలా అనిపించిందో మీ మాటల్లో చెప్పండి."

సీతాబాయి తాళాలు కొంగులో మూటగట్టుకుని, కెమెరా వైపు సూటిగా చూసింది.

"ఏముంది సార్ చెప్పనీకి? గంటసేపు కూసున్న. ఏం కాలే."