పొగరాయుడు

పొగరాయుడు పొయ్యి తలుపు గొళ్లాన్ని ఇనుప కొక్కెంతో పైకెత్తి, మొహం పక్కకు తిప్పుకుని, రెండు దుంగలు లోపలికి తోశాడు. తలుపు తీసినప్పుడు ఎటు తిరగాలో, ఎంతసేపు తిరగాలో అతని మెడకే తెలుసు. ఎడమ కనుబొమ వెంట్రుకలు మాత్రం ఆ సంగతి తెలియక ముందే కాలిపోయి మళ్లీ మొలవలేదు. తలుపు మూసి, గోడకున్న ఆవిరి ఒత్తిడి గేజి ముల్లు వంక ఒకసారి చూసి, మెడలో తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. ఆ తువ్వాలు ఒకప్పుడు తెల్లనిదే.

అద్దకం ఫ్యాక్టరీలో బాయిలరు దగ్గర పని అతనిది. పై హాల్లో గుడ్డ ఉడకాలన్నా, రంగు పట్టాలన్నా, ఆరాలన్నా కిందినుంచి ఆవిరి పోవాలి. మీసాలు రాని వయసులో కట్టెలు మోయడానికి చేరాడు. మోసేవాడు కాస్తా చీల్చేవాడయ్యాడు, చీల్చేవాడు పొయ్యిలో వేసేవాడయ్యాడు. అక్కడితో ఆగాడు. పైకి పోవాలని తను అడగలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. ఇన్నేళ్లు పొగలో మసలినా బీడీ ముట్టించి ఎరగడు, ఒకరి మీద గొంతు లేపి ఎరగడు. "వీడికి ఉన్నదంతా పొగే, పొగరు మాత్రం లేదు" అని ఎవరో నవ్వుతూ అన్న మాట పేరై కూర్చుంది. జీతాలిచ్చే గుమస్తా కూడా పొగరాయుడనే పిలుస్తాడు. అతనూ పలుకుతాడు.

ఇవాళ అతని మనసు పొయ్యి దగ్గర లేదు. సాయంత్రం బస్సుకు భార్యా కూతురూ వెళ్లిపోతున్నారు. ఎక్కడో దూరాన, ఫ్యాక్టరీలు లేని ఊళ్లో, భార్య అక్క ఉంటుంది. అక్కడికి. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికి.

కూతురికి ఆరేళ్లు. వయసుకు తగ్గ ఎదుగుదల లేదు. బుడంకాయ్ అని పిలుస్తాడతను. పుట్టిన కొత్తలో ఆ పిల్ల ఏడిస్తే వీధి చివరిదాకా వినిపించేది. రెండో ఏట చలికాలంలో, పొగ పైకి పోకుండా ఇళ్ల కప్పుల మీదే ముసురుకుని కూర్చున్న రోజుల్లో, మొదటిసారి ఆయాసం పట్టుకుంది. ఆ తర్వాత వదల్లేదు. ఊపిరి లాగినప్పుడల్లా పక్కటెముకల మధ్య గుంటలు పడేవి. గొంతులో ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టుండేది. పడుకుంటే గాలి ఆడదని, మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోవడం తనంతట తనే నేర్చుకుంది. ఎవరూ నేర్పలేదు. ఆ వీధిలో అలా కూర్చునే పిల్లలు ఇంకా ఉన్నారు.

పోయిన నెల ఆసుపత్రిలో మూడు రాత్రులు ఆక్సిజన్ పెట్టారు. ఇంటికి పంపేరోజు డాక్టరమ్మ అడిగింది, "మీ ఇంటి దగ్గర ఏముంది?"

భార్య అతని వంక చూసింది. "ఫ్యాక్టరీ ఉందండీ," అన్నాడతను. తను చేసేది అందులోనే అని చెప్పలేదు.

"మందులంటే ఎన్నైనా రాస్తాను. గాలి రాసివ్వలేను కదా," అంది డాక్టరమ్మ. "ఇక్కణ్ణుంచి తీసుకెళ్లండి పిల్లని. ఎంత తొందరగా తీసుకెళితే అంత మంచిది."

ఆ మాట పట్టుకుని భార్యే అన్నీ ఏర్పాటు చేసింది. అక్కకు ఫోను చేసింది, బట్టలు సర్దింది, బడిలో చెప్పింది. అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది అతనికి. అక్కడ తనకు చేయడానికి పని లేదు. ఇక్కడి పని వదిలితే అక్కడ వాళ్లకు గడవదు. అందుకని ఎవరూ చెప్పకుండానే ముగ్గురిలో ఉండిపోయేది ఎవరో తేలిపోయింది.

మేస్త్రీ మెట్లు దిగి వచ్చాడు. వెనకాలే కూలీలు బస్తాలు దొర్లించుకొచ్చి గోడవార పడేశారు. స్పాంజి ముక్కలు, రబ్బరు తుక్కు, చెప్పుల అట్టల కత్తిరింపులు. కట్టెల ధర పెరిగినప్పటినుంచి పొయ్యికి ఇదే మేత. ఇవి వేస్తే మంట భగ్గుమంటుంది, గేజి ముల్లు లేచి నిలబడుతుంది. పొగగొట్టం చివరినుంచి మాత్రం పొగ తారులా నల్లగా దిగుతుంది.

"మేస్త్రీ," అన్నాడు పొగరాయుడు. "ఇవాళ కట్టెలతో నడుపుతానండీ. ఈ ఒక్క పూట."

"ఏం, బస్తాల మీద అలిగావా?"

"పాప సాయంత్రం బస్సెక్కుతోంది. దూరం పోవాలి. పోయేలోగా మళ్లీ ఆయాసం ఎత్తుకుందంటే..."

మేస్త్రీ చెడ్డవాడు కాదు. అతని ఇల్లూ ఆ గొట్టం నీడలోనే ఉంది. "మావాడికీ తగ్గలేదురా దగ్గు," అన్నాడు, బస్తాల వంక చూస్తూ. కాసేపు మీసం సవరించుకున్నాడు. "ముల్లు పడిపోనంతవరకూ నీ ఇష్టం. పడితే మాత్రం పైనుంచి ఫోను నాకొస్తుంది, నీకు కాదు."

ఆ పూట పొగరాయుడు ఇద్దరి పని చేశాడు. లావు దుంగల్ని సన్నగా చీల్చాడు. ఆరినవి ఏరి ముందు వేశాడు, తడివాటిని పొయ్యి వెనక వెచ్చకు పేర్చాడు. మధ్యలో ఒకసారి బయటికొచ్చి తలెత్తి చూశాడు. గొట్టంలోంచి పలచగా, బూడిదరంగులో పోతోంది పొగ. దాని వెనక ఆకాశం కనిపిస్తోంది. గోడ అవతల బడి. రోజూ కిటికీలు మూసుకుని ఉండే ఆ బడిలో పిల్లల్ని బయటికి వదిలినట్టున్నారు, అరుపులు వినిపించాయి. ఎవరో ఎవర్నో తొండి అంటున్నారు. లేదు లేదంటూ ఇంకెవరో ఒట్టేస్తున్నారు. చేతిలో గొడ్డలి పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు.

మధ్యాహ్నానికి ఎండుకట్టెలు అయిపోయాయి. తడివి చిటపటలాడాయే తప్ప అంటుకోలేదు. ముల్లు కొద్దికొద్దిగా దిగింది. ఊదాడు, కెలికాడు, బూడిద లాగేశాడు. మేస్త్రీ మెట్ల మీద కనిపించాడు. కిందికి దిగలేదు.

"పైన రంగు విరిగిపోతోందట," అన్నాడు. "ఇక కానియ్యరా."

పొగరాయుడు బస్తా మూతి విప్పాడు. మొదటి పార అతనే వేశాడు. ఆ తర్వాత ఎప్పటిలాగే వేస్తూ పోయాడు. మళ్లీ బయటికి వెళ్లి చూడలేదు. కాసేపటికి గోడ అవతల అరుపులు ఆగిపోయాయి.

రోజూ పని దిగగానే ఇంటిముందు కుళాయి దగ్గర చొక్కా విప్పి, సబ్బుతో మోచేతులదాకా తోముకుని, తల తడుపుకుని, అప్పుడుగాని గడప లోపల కాలు పెట్టడు. భార్య పెట్టిన నియమం అది. బుడంకాయ్ తలుపు దగ్గర నిలబడి "అయిందా నాన్నా? చెవుల వెనక అయిందా?" అని అడిగి, అయిందంటే అప్పుడు మీదికి ఉరికేది. ఇవాళ తొందరగా పోయి అలాగే చేద్దామనుకున్నాడు. కాని అతని తర్వాత పొయ్యి చూసుకోవాల్సినవాడు ఆలస్యంగా వచ్చాడు. ఇంటికి పోతే బస్సు దాటిపోతుంది. చేసేది లేక తువ్వాలుతో మొహం తుడుచుకుని నేరుగా బస్టాండుకు పరుగెత్తాడు.

బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. తల్లీకూతుళ్లు కిందే నిలబడి ఉన్నారు. పాప మెడకు శాలువా, కాళ్లకు కొత్త మేజోళ్లు. తండ్రిని చూడగానే రెండడుగులు వేసి, ఆగిపోయింది. అతను కూడా ఆగాడు. బట్టలనిండా రబ్బరు కాలిన వాసన. అది అతని ముక్కుకు ఎప్పుడో తెలియడం మానేసింది. వాళ్లకు తెలుస్తుంది.

"కడుక్కోలేదు," అన్నాడు దూరంనుంచే. "ఆలస్యమైపోయింది."

"పోనీలే, రా," అంది భార్య.

అతను రాలేదు. చేతులు వెనక్కు పెట్టుకుని నిలబడ్డాడు. పాప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఏదో లెక్క తేల్చుకున్నట్టు తలూపింది.

"నేను ఊపిరి బిగబట్టుకుంటాలే నాన్నా. దా."

బుగ్గలు పూరించి, పెదాలు గట్టిగా మూసి, రెండు చేతులూ చాచింది. అతను వంగి ఎత్తుకున్నాడు. ఆ పిల్ల గుండె పిట్టలా కొట్టుకోవడం అతని చొక్కాలోంచి తగిలింది. ఎంతసేపు ఆపగలదో అతనికి తెలుసు. పాప కళ్లు పెద్దవవుతున్నాయి. దించేసి, నాలుగడుగులు వెనక్కు నడిచాడు. అప్పుడు వదిలింది ఊపిరి, దగ్గుతూ, నవ్వుతూ.

"అక్కడ నువ్వొచ్చినప్పుడు కడుక్కోనక్కర్లేదట. అమ్మ చెప్పింది."

"అవునమ్మా," అన్నాడు.

భార్య పాపను ఎక్కించి, మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. "వేళకు తిను," అంది. ఇంకేదో అనబోయి, "కిటికీ అద్దం వేసెయ్ అమ్మా, దుమ్ము," అంటూ కూతురి వెనకే వెళ్లిపోయింది. అద్దం వెనకనుంచి చిన్న చెయ్యి ఊగింది. బస్సు మలుపు తిరిగింది. అతను అక్కడే నిలబడి, ఇంకో బస్సువాడు హారను కొడితే పక్కకు జరిగాడు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. గది ఊడ్చి ఉంది. గిన్నెమీద మూత పెట్టి ఉంది. పాప పుస్తకాలు, బొమ్మలు, చిన్న దిండు అన్నీ తీసుకెళ్లారు. గోడ కొక్కేలు బోసిగా ఉన్నాయి. చాలాసేపు మంచం పట్టెమీద కూర్చున్నాక గాని అతను కిటికీ వైపు చూడలేదు. ఊపిరితిత్తులు గట్టిపడతాయని రోజూ ఊదించమంటూ ఆసుపత్రి నర్సు పాపకు ఒక ఎర్ర బుడగ ఇచ్చింది. పొద్దున అతను పనికి పోయాక పాప ఊదినట్టుంది. ఊదగలిగినంత ఊదాక, ఇక చాలని తల్లి ముడేసి ఊచకు దారంతో కట్టింది.

లేచి వెళ్లి, పాప ఊదిన గాలి పోతుందేమోనని ముడి వేలితో తడిమి చూశాడు. గట్టిగానే ఉంది. నిమ్మకాయంత ఎర్ర బుడగ కిటికీ ఊచకు ఆనుకుని అటూ ఇటూ కదులుతోంది.